గ్లైడర్‌ను గాలిలోకి ఎలా లేపుతారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్ లేని విమానం గాలిలో ఎలా నిలుస్తుందో పాఠ్యపుస్తకాల్లో దొరుకుతుంది గానీ, అది నేల విడిచి అంత ఎత్తుకు ఎలా చేరుతుందో వివరంగా చెప్పే తెలుగు రచన అరుదు. విజయవాడ, గుంటూరు కళాశాలల్లో ఇంజినీరింగ్ చదివే విద్యార్థులూ, వారి తల్లిదండ్రులూ సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. ఈ జవాబులన్నింటిలోనూ ఒక విషయం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. గ్లైడర్ లాంచ్‌లో పైకి లాగే ఏర్పాటు సగమే. ఆ లాగడం ఏ క్షణంలో ఆగిపోయినా పైలట్ క్షేమంగా దిగే ఏర్పాటు మిగిలిన సగం. ఈ రెండోది సిద్ధంగా లేనప్పుడు మొదటిదాన్ని ఏ మంచి క్లబ్బూ మొదలుపెట్టదు.

గ్లైడర్‌కు లాంచ్ అనే ప్రత్యేక ప్రక్రియ ఎందుకు?

గ్లైడర్ తన ఎత్తును కొద్దికొద్దిగా ఖర్చు చేసుకుంటూ ముందుకు సాగుతుంది. కాబట్టి ఖర్చు పెట్టడానికి కావలసిన తొలి ఎత్తును బయటి నుంచి ఎవరో ఒకరు ఇవ్వాలి. ప్రపంచంలోని అనేక శిక్షణ క్లబ్బుల్లో కనిపించే ఏఎస్‌కే 21 అనే జర్మన్ రెండు సీట్ల గ్లైడర్‌ను తీసుకుందాం. దాని గరిష్ఠ బరువు 600 కిలోలు. దాన్ని 400 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి సుమారు 23.5 లక్షల జౌళ్లు, అంటే మన ఇంటి మీటరు లెక్కలో 0.65 యూనిట్ల విద్యుత్తు. ఇంత తక్కువా అని చాలామంది ఆశ్చర్యపోతారు. కష్టమంతా ఆ శక్తిని నలభై సెకన్ల లోపు, ఒక తాడు ద్వారా, మనుషులు కూర్చున్న యంత్రానికి అందించడంలో ఉంది.

నిశ్చలమైన గాలిలో ఏఎస్‌కే 21 ఒక మీటరు ఎత్తు కోల్పోయేలోగా దాదాపు 34 మీటర్లు ముందుకు పోగలదు. ఆ లెక్కన విజయవాడ మీద 400 మీటర్ల ఎత్తున విడిచిపెడితే 13 కిలోమీటర్లకు కాస్త పైగా, అంటే కాగితం మీద మంగళగిరి దాటేంత దూరం వెళ్లాలి. అయితే దిగే ముందు మైదానం చుట్టూ సర్క్యూట్ తిరగడానికి చివరి 200 మీటర్లను ఎప్పుడూ విడిగా ఉంచుకోవాలి కనుక, నిజంగా వాడుకోగల దూరం అందులో సగమే. అంతకు మించి ఎగరాలంటే పైకి లేచే గాలిని వెతుక్కోవాలి.

ఎన్ని రకాల లాంచ్ పద్ధతులు ఉన్నాయి?

నేల మీద అమర్చిన వించ్ యంత్రంతో కేబుల్ చుట్టి లాగడం, మరో విమానం వెనుక తాడు కట్టి లాగించడం, కారుతో లాగడం, కొండ అంచున సాగే రబ్బరు తాడుతో విసరడం, గ్లైడర్‌లోనే ఉన్న చిన్న ఇంజిన్‌తో లేవడం అనేవి ప్రధానమైనవి. నేడు ప్రపంచంలో అత్యధిక లాంచ్‌లు మొదటి రెండు పద్ధతుల్లోనే జరుగుతున్నాయి. అందుకే ఇక్కడ కూడా వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

వించ్ లాంచ్ సరిగ్గా ఎలా జరుగుతుంది?

మైదానానికి ఒక చివర వించ్ ఉంటుంది. అందులో లారీ ఇంజిన్ స్థాయి ఇంజిన్, దానికి జతచేసిన డ్రమ్, డ్రమ్‌కు చుట్టిన కేబుల్ ఉంటాయి. సగటున చూస్తే పైన చెప్పిన పనికి 80 హార్స్‌పవర్ సరిపోవాలి గానీ, గాలి నిరోధం, కేబుల్ బరువు, మొదటి కొన్ని సెకన్లలో కావలసిన వేగోత్కర్షం కలుపుకుంటే 200 నుంచి 300 హార్స్‌పవర్, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ అవసరమవుతుంది. కేబుల్ ఒకప్పుడు 4 నుంచి 5 మిల్లీమీటర్ల ఉక్కు తీగ. ఇప్పుడు చాలా క్లబ్బులు దాని స్థానంలో తేలికైన, అంతే బలమైన సింథటిక్ తాడు వాడుతున్నాయి. కేబుల్‌ను కిలోమీటరు లేదా అంతకు మించిన దూరం వరకు మైదానం పొడవునా పరచి, రెండో చివరన గ్లైడర్ పొట్ట కింద ఉన్న హుక్‌కు ఉంగరాలతో తగిలిస్తారు.

తగిలించే ముందు పైలట్ తన తనిఖీలు పూర్తి చేయాలి. కంట్రోళ్లు స్వేచ్ఛగా కదులుతున్నాయా, బెల్టులు బిగించారా, కానోపీకి (పైలట్ నెత్తి మీది పారదర్శక మూతకు) గొళ్లెం పడిందా, ఎయిర్‌బ్రేకులు (రెక్కల మీద లేచి గ్లైడర్‌ను త్వరగా కిందికి దించే పలకలు) మూసి లాక్ అయ్యాయా అని చూసుకుంటాడు. చివరి అంశం అన్నింటికంటే ముఖ్యమైనదని నేను భావిస్తాను: ఈ రోజు గాలి ఎటు ఉంది, తక్కువ ఎత్తులో లాంచ్ ఆగితే ఎక్కడ దిగుతాను, మధ్య ఎత్తులో ఆగితే ఏ వైపు తిరుగుతాను అన్నది పైలట్ పైకి వినబడేలా చెప్పుకోవాలి. ఈ మాటలు నోటివెంట రాకుండా ఉంగరం తగిలించడానికి ఒప్పుకోని శిక్షకులే మంచి శిక్షకులు.

ఆ తరువాత రెక్క చివర పట్టుకున్న సహాయకుడు రెక్కలను సమతలంగా ఎత్తుతాడు. సంకేతం అందుకున్న వించ్ డ్రైవర్ ముందుగా కేబుల్‌లోని వదులును మెల్లగా లాగేస్తాడు. తాడు బిగుసుకున్న తరువాత పూర్తి శక్తితో లాగమన్న సంకేతం వెళుతుంది. సంకేతాలు దీపాల ద్వారా గానీ, రేడియో ద్వారా గానీ, చేతి సైగలను చూసి ఫోన్‌లో చెప్పడం ద్వారా గానీ అందుతాయి. మూడు నాలుగు సెకన్లలో గ్లైడర్ నేల విడుస్తుంది. మొదట తక్కువ వాలుతో ఎక్కి, వేగం చాలినంత ఉందని నిర్ధారించుకున్న తరువాతే పైలట్ క్రమంగా ముక్కు ఎత్తి 40 డిగ్రీలు లేదా అంతకు కాస్త పైబడిన వాలుకు చేరుస్తాడు. గంటకు 100 నుంచి 110 కిలోమీటర్ల వేగంతో ఎక్కిన గ్లైడర్ దాదాపు వించ్ నెత్తి మీదికి వచ్చేసరికి కేబుల్ పొడవులో మూడోవంతుకు దగ్గరగా ఎత్తు వస్తుంది. ఎదురుగాలి బలంగా ఉంటే ఇంకా ఎక్కువ. అక్కడ డ్రైవర్ శక్తి తగ్గిస్తాడు, పైలట్ ముక్కు దించి పసుపు రంగు రిలీజ్ పిడిని రెండుసార్లు లాగుతాడు. పైలట్ మరచిపోయినా, కేబుల్ వెనక్కి లాగే కోణానికి వస్తే ఆ హుక్ దానంతట అదే విడిపోతుంది.

విడిపోయిన కేబుల్ చివరన చిన్న పారాచూట్ తెరుచుకుంటుంది. అది నెమ్మదిగా దిగుతుండగానే డ్రైవర్ కేబుల్‌ను వేగంగా చుట్టి, పక్కగాలికి కొట్టుకుపోయి పొలాల్లోనో కరెంటు తీగల మీదనో పడకుండా చూస్తాడు. ఈ పనికి అనుభవం కావాలి. గాలిలో ఉన్న పైలట్‌ను అందరూ చూస్తారు కానీ, ఆ గ్లైడర్ వేగాన్ని నియంత్రించే చెయ్యి కిలోమీటరు దూరంలో వించ్ క్యాబిన్‌లో ఉంటుందన్న సంగతి కొద్దిమందికే తెలుసు.

అంత నిటారుగా ఎక్కడం ఎలా సాధ్యం? అది ప్రమాదం కాదా?

సంక్రాంతికి గాలిపటం ఎగరేసినవారికి ఈ సూత్రం చేతికి తెలిసినదే. దారాన్ని కింది నుంచి ముందుకు లాగితే పటం పైకి లేస్తుంది. గ్లైడర్ రెక్కలు కూడా ముందుకు లాగే బలాన్ని అలాగే ఎత్తుగా మార్చుకుంటాయి.

అయితే ఆ సమయంలో రెక్కలు మోస్తున్నది గ్లైడర్ బరువును మాత్రమే కాదు, కిందికి గుంజుతున్న కేబుల్ బలాన్ని కూడా. రెక్కల మీద భారం పెరిగితే స్టాల్ వేగం, అంటే ఏ వేగం కంటే తగ్గితే రెక్కలు లిఫ్ట్ (పైకెత్తే బలం) కోల్పోతాయో ఆ వేగం, భారానికి వర్గమూలం చొప్పున పెరుగుతుంది. మామూలుగా గంటకు 65 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అయ్యే గ్లైడర్, భారం రెట్టింపైతే 92 కిలోమీటర్ల దగ్గరే స్టాల్ అవుతుంది. నేల దగ్గర తొందరపడి ముక్కు ఒక్కసారిగా ఎత్తిన గ్లైడర్ ఒక రెక్క వైపు తిరగబడటానికి ఇదే కారణం. ముక్కును కొన్ని సెకన్లపాటు క్రమంగా ఎత్తాలన్న నియమం ఈ లెక్క నుంచే వచ్చింది. బ్రిటిష్ గ్లైడింగ్ అసోసియేషన్ 2005లో సురక్షిత వించ్ లాంచ్ కార్యక్రమం మొదలుపెట్టి, ఈ దశ మీద శిక్షణను గట్టిపరచిన తరువాత తీవ్రమైన వించ్ ప్రమాదాలు బాగా తగ్గాయి. యంత్రాలు అవే ఉండగా శిక్షణతో వచ్చిన మార్పు కనుక, ఈ ఉదాహరణను నేను ఎంతో విలువైనదిగా చూస్తాను.

ఎక్కుతుండగా కేబుల్ తెగితే ఏమవుతుంది?

అందరికంటే ముందు తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది. అడగవలసిన ప్రశ్న కూడా.

కేబుల్ తెగడం అరుదైన విపత్తుగా కాక, శిక్షణలో భాగంగా పదే పదే అభ్యాసం చేసే సంఘటనగా క్లబ్బులు చూస్తాయి. ఒంటరిగా ఎగరడానికి అనుమతి ఇచ్చే ముందు శిక్షకుడు వేర్వేరు ఎత్తుల్లో కావాలనే లాంచ్‌ను ఆపించి, విద్యార్థి ఏం చేస్తాడో చూస్తాడు.

40 డిగ్రీల వాలుతో ముక్కు పైకెత్తి ఉన్నప్పుడు లాగే బలం పోతే, భూమ్యాకర్షణ ఒక్కటే గ్లైడర్ వేగాన్ని ప్రతి సెకనుకూ గంటకు 20 కిలోమీటర్లకు పైగా తగ్గిస్తుంది. గంటకు 100 కిలోమీటర్లతో ఎక్కుతున్న గ్లైడర్ రెండు సెకన్ల లోపే స్టాల్ వేగానికి వచ్చేస్తుంది. కాబట్టి మొట్టమొదటి పని స్టిక్‌ను, అంటే ముక్కును ఎత్తి దించే కంట్రోల్ కర్రను, నిర్ణయాత్మకంగా ముందుకు నెట్టి, ముక్కును మామూలుగా దిగేటప్పుడు ఉండే కోణం కంటే కిందికి దించడం. రెండోది, వేగం తిరిగి వచ్చేదాకా ఆగడం. ముక్కు కిందికి చూస్తున్నంత మాత్రాన వేగం వచ్చినట్టు కాదు. స్పీడ్ సూచికలో ముల్లు చూపించాలి. ఆ వేగం రాకముందే పక్కకు తిరగడం గానీ, ఎయిర్‌బ్రేకులు తెరవడం గానీ చేయకూడదు. ఈలోగా రిలీజ్ లాగి, వేలాడుతున్న తాడు ముక్కను వదిలేయాలి. ఆ తరువాతే ఎక్కడ దిగాలన్న నిర్ణయం.

ముందున్న నేల చాలితే నేరుగా దిగడమే సరైనది. అది చాలని ఎత్తుకు చేరి ఉంటే, ముందే అనుకున్న వైపుకు తిరిగి చిన్న సర్క్యూట్ వేసుకుని దిగాలి. మైదానం పొడవు, ఆనాటి గాలి ఆధారంగా ఈ రెండు నిర్ణయాల మధ్య సరిహద్దు మారుతుంది కనుకనే, లాంచ్‌కు ముందు దాన్ని పైకి చెప్పుకోమని అంత పట్టుబడతారు. రెండు సెకన్లలో తీసుకోవలసిన నిర్ణయాన్ని నేల మీద తీరికగా తీసుకుని ఉంచుకోవడమన్నమాట.

వీక్ లింక్ అంటే ఏమిటి? బలహీనమైన ముక్కను కావాలనే ఎందుకు పెడతారు?

కేబుల్‌కూ గ్లైడర్‌కూ మధ్య నిర్ణీత బలం దగ్గర తెగిపోయే చిన్న లోహపు పట్టీని అమరుస్తారు. వించ్ అతిగా లాగినా, హఠాత్తుగా గాలి విసురు వచ్చినా రెక్కలు దెబ్బతినకముందే ఆ పట్టీ తెగిపోతుంది. ఏ గ్లైడర్‌కు ఎంత బలం గల పట్టీ వాడాలో దాని హ్యాండ్‌బుక్‌లో రాసి ఉంటుంది. పట్టీలను రంగులతో గుర్తిస్తారు: విస్తృతంగా వాడే జర్మన్ పట్టీల్లో నలుపు 1000, గోధుమ 850, ఎరుపు 750, నీలం 600, తెలుపు 500 డెకాన్యూటన్ల దగ్గర తెగుతాయి. ఒక డెకాన్యూటన్ అంటే ఒక కిలో బరువుకు కాస్త ఎక్కువ. ఒంటరి సీటు గ్లైడర్‌కు పొరపాటున నల్ల పట్టీ తగిలించడం అంటే దాని రక్షణను తీసివేసినట్టే కనుక, తగిలించేవారు రంగును పైకి చదివి, పైలట్ సరేనన్న తరువాతే తగిలించాలి.

నేల మీద పరుగెత్తుతున్నప్పుడు రెక్క వాలి నేలకు తగిలితే?

వెంటనే రిలీజ్ లాగాలి. సరిచేద్దాం, ఇంకొక క్షణం చూద్దాం అనుకోకూడదు. రెక్క గడ్డిలో చిక్కుకుంటే గ్లైడర్ దాని చుట్టూ గిర్రున తిరిగి బోర్లా పడగలదు. అందుకే నేల విడిచేవరకూ ఎడమ చెయ్యి పసుపు పిడి మీద నుంచి కదలకూడదని నేర్పుతారు.

ఏరోటో అంటే ఏమిటి?

ఇంజిన్ విమానం వెనుక 40 నుంచి 60 మీటర్ల తాడు కట్టి గ్లైడర్‌ను లాగడమే ఏరోటో. లాగే విమానాన్ని టగ్ అంటారు. ప్రపంచమంతటా టగ్‌గా పేరు తెచ్చుకున్న పైపర్ పానీ, మొదట పంటలపై మందులు చల్లడానికి తయారైన విమానం. బరువు మోస్తూ తక్కువ వేగంతో ఎగరగల దాని గుణమే ఈ పనికీ పనికివచ్చింది.

గ్లైడర్ రెక్కలు పొడవైనవి కాబట్టి అది టగ్ కంటే ముందే నేల విడుస్తుంది. అప్పుడు పైలట్ నేలకు మీటరో రెండు మీటర్లో ఎత్తున నిలకడగా ఉండి, టగ్ లేచేదాకా ఓపిక పట్టాలి. లేచిన తరువాత టగ్ ప్రొపెల్లర్ వెనుక వచ్చే సుడిగాలికి కొంచెం పైన ఉండి అనుసరించడం ఎక్కువ దేశాల పద్ధతి. దానికి కింద ఉండే పద్ధతి ఆస్ట్రేలియాలో ప్రచారంలో ఉంది. శిక్షణ విమానయానంలో సాధారణంగా 600 మీటర్ల ఎత్తుకు చేరాక గ్లైడర్ పైలట్ తాడు విడుస్తాడు. తాడు నిజంగా వెళ్లిపోవడం కళ్లతో చూసిన తరువాత, రెండు విమానాలూ ముందే నిర్ణయించుకున్న వ్యతిరేక దిశల్లోకి తిరుగుతాయి.

టగ్ పైలట్ ఇచ్చే రెండు సంకేతాలను ప్రతి విద్యార్థీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. టగ్ రెక్కలు ఊపితే వెంటనే విడిచిపెట్టమని అర్థం. చుక్కానిని అటూ ఇటూ ఆడిస్తే, నీ ఎయిర్‌బ్రేకులు తెరుచుకున్నాయేమో చూసుకో అని అర్థం. రెండోదాన్ని మొదటిదిగా పొరబడి, తక్కువ ఎత్తులో, తెరిచిన ఎయిర్‌బ్రేకులతోనే తాడు వదిలేసిన గ్లైడర్‌కు దిగడానికి చోటు మిగలదు.

ఏరోటోలో అన్నింటికంటే పెద్ద ప్రమాదం ఎవరికి?

టగ్ పైలట్‌కు. ఈ జవాబు చాలామంది ఊహించరు. గ్లైడర్ ఏకాగ్రత తప్పి టగ్ కంటే బాగా పైకి ఎగబాకితే, తాడు టగ్ తోకను పైకి గుంజుతుంది. టగ్ ముక్కు కిందికి వాలుతుంది, స్టిక్‌ను పూర్తిగా వెనక్కి లాగినా లేవదు. ఇదంతా కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. తగినంత ఎత్తు లేకపోతే టగ్ పైలట్‌కు బయటపడే మార్గం ఉండదు. అందువల్ల టగ్ కనుచూపు నుంచి తప్పిన క్షణంలోనే గ్లైడర్ పైలట్ తాడు విడిచిపెట్టాలన్నది మినహాయింపు లేని నియమం. తాడుకు అటువైపున్న మనిషి ప్రాణం తన చేతి కింద ఉందన్న ఎరుకతోనే గ్లైడర్ పైలట్ టగ్ వెనుక ఎగరాలి.

ఏరోటోలో తాడు తెగితే, లేదా టగ్ ఇంజిన్ బలహీనపడితే, చేయవలసినది ఎత్తును బట్టి మారుతుంది. అమెరికన్ శిక్షణలో 200 అడుగుల లోపు నేరుగా ముందుకే దిగాలనీ, అంతకు పైన ఉంటే పరిస్థితి అనుకూలిస్తే వెనక్కి తిరిగి రన్‌వేకు రావచ్చనీ నేర్పుతారు. ఆ ఎత్తు దాటగానే వెనుక సీటులోని శిక్షకుడికి వినబడేలా చెప్పడం ఆనవాయితీ.

వించ్ మంచిదా, ఏరోటో మంచిదా?

వించ్ చౌక. ఒక నిమిషంలోపే లాంచ్ పూర్తవుతుంది, గంటకు ఎన్నో లాంచ్‌లు చేయవచ్చు, విద్యార్థికి దిగడం ఎక్కువసార్లు అభ్యాసం అవుతుంది. ఏరోటో ఖర్చు ఎక్కువ గానీ కోరుకున్న చోటికి, కోరుకున్న ఎత్తుకు తీసుకుపోతుంది. పైకి లేచే గాలి కనిపించిన చోట తాడు వదిలేయవచ్చు. మన దేశంలో గ్లైడింగ్ విస్తరించాలంటే వించ్ మీదే ఆధారపడాలని నా గట్టి అభిప్రాయం. ఇంజిన్ విమానం, దాని ఇంధనం, నిర్వహణ, పైలట్ ఖర్చులన్నీ భరించగల విద్యార్థులు మన జిల్లాల్లో ఎంతమంది ఉంటారు?

మంగళగిరి, కొండపల్లి, కొండవీడు కొండల మీద నుంచి గ్లైడర్‌ను వదలలేమా?

కొండ నుంచి లాంచ్ చేయడమే ఈ విద్యలో అన్నింటికంటే పాతది. ఒట్టో లిలియెంతాల్ 1891 నుంచి కొండవాలుల మీద పరుగెత్తి గాలిలోకి లేచేవాడు. బెర్లిన్ దగ్గర లిష్టెర్‌ఫెల్డెలో 1894లో సుమారు 15 మీటర్ల ఎత్తైన మట్టిదిబ్బనే కట్టించుకున్నాడు. దాని మీద నుంచి గాలి ఏ దిక్కు నుంచి వీచినా దానికి ఎదురుగా దూకవచ్చు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత వెర్సై ఒప్పందం జర్మనీలో ఇంజిన్ విమానాలను కట్టడి చేసినప్పుడు, యువకులు వాసెర్‌కుప్పె కొండ మీదికి చేరి 1920 నుంచి గ్లైడింగ్ పోటీలు జరుపుకున్నారు. వారి లాంచ్ సాధనం సాగే రబ్బరు తాడు. గ్లైడర్ ముక్కుకు తాడు మధ్యభాగాన్ని తగిలించి, రెండు జట్లు రెండు కొసలు పట్టుకుని వాలుకు దిగువగా పరుగెత్తుతాయి. తోక పట్టుకున్నవారు వదలగానే గ్లైడర్ ముందుకు విసిరినట్టు లేస్తుంది. ఇంగ్లండ్‌లోని లాంగ్ మిండ్ కొండ మీద ఈ పద్ధతి ఇటీవలి కాలం వరకూ సజీవంగా ఉంది.

ఆ పద్ధతి పనిచేయాలంటే నున్నని పచ్చిక వాలు, దానికి సూటిగా ఎదురుగా వీచే స్థిరమైన గాలి, దిగువన దిగడానికి తెరిపి నేల కావాలి. మన కొండలు బండరాళ్లతో, ముళ్లపొదలతో నిండి ఉంటాయి. మంగళగిరి కొండ చుట్టూ ఊరూ, రహదారీ, కరెంటు లైన్లూ ఉన్నాయి. అంతేకాక ఎగరడానికి పౌర విమానయాన అనుమతులు ఉండాలి. కాబట్టి ఈ కొండల మీద నుంచి సొంతంగా ప్రయత్నించవద్దని స్పష్టంగా చెబుతున్నాను.

మన ఎండలు లాంచ్ మీద ఎలాంటి ప్రభావం చూపుతాయి?

వేడెక్కిన గాలి పలచబడుతుంది. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న మన నేల మీద 42 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు, విమానానికి అది దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్న మైదానం కింద లెక్క. టగ్ ఇంజిన్ శక్తి తగ్గుతుంది, ప్రొపెల్లర్ పట్టు తగ్గుతుంది, నేల విడవడానికి ఎక్కువ పరుగు కావాలి, ఎక్కే వేగం మందగిస్తుంది. మే నెల మధ్యాహ్నం, పూర్తి బరువున్న రెండు సీట్ల గ్లైడర్‌ను చిన్న రన్‌వే నుంచి లాగాలనుకునేవారు ముందుగా ఈ లెక్క వేసుకోవాలి. వించ్‌కు ఈ ఇబ్బంది తక్కువే గానీ, మూసిన కానోపీ కింద ఎండలో ఎదురుచూసే పైలట్‌కు వడదెబ్బ ముప్పు నిజమైనది. టోపీ, నీళ్లు, చివరి నిమిషం వరకు తెరిచి ఉంచిన కానోపీ అవసరం.

అదే ఎండ పైకి లేచే గాలిని, అంటే థర్మల్స్‌ను, పుట్టిస్తుంది. నీరు నిలిచిన కృష్ణా డెల్టా వరిచేలు సూర్యరశ్మిలో ఎక్కువ భాగాన్ని నీటిని ఆవిరి చేయడానికే ఖర్చు చేస్తాయి కనుక వాటి మీద థర్మల్స్ బలహీనంగా ఉంటాయి. పల్నాడు వైపు ఎండిన మెట్టనేలల మీద బలంగా లేస్తాయి. మధ్యాహ్నం తరువాత తీరం నుంచి వచ్చే సముద్రపు గాలి చల్లగా లోపలికి చొచ్చుకొస్తే, అది చేరిన మేర థర్మల్స్ అణగిపోతాయి. లాంచ్ ఎంత బాగా జరిగినా, ఆ తరువాత ఎంతసేపు ఎగురుతామన్నది ఇటువంటి స్థానిక విషయాల మీదే ఆధారపడుతుంది.

గన్నవరం విమానాశ్రయం నుంచి గ్లైడర్లు ఎగరవచ్చా?

ప్రయాణికుల విమానాలు రాకపోకలు సాగించే చోట వించ్ కుదరదు. వందల మీటర్ల ఎత్తు వరకు గాలిలో నిలిచే కేబుల్, దగ్గరకు వచ్చే విమానం పైలట్‌కు కనిపించదు. గ్లైడింగ్‌కు రద్దీ లేని విడి మైదానం, దాని పైన కేటాయించిన గగనతలం, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌తో ఒప్పందం కావాలి.

మన దేశంలో దీన్ని నేర్చుకునే సంప్రదాయం ఉందా? మా అబ్బాయికి 15 ఏళ్లు, చేరవచ్చా?

ఉంది. పుణెలోని హడప్సర్ మైదానంలో పౌర విమానయాన శాఖ గ్లైడింగ్ కేంద్రం దశాబ్దాలపాటు వించ్ లాంచ్‌తో శిక్షణ ఇచ్చింది. ఐఐటీ కాన్పూర్ ప్రాంగణంలో సొంత ఎయిర్‌స్ట్రిప్‌తో పాటు గ్లైడింగ్ సంప్రదాయం ఉంది. పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రం రూపొందించిన, పక్కపక్క సీట్లున్న చెక్క గ్లైడర్ రోహిణి 1961లో తొలిసారి ఎగిరింది. అశ్విని, భరణి, కార్తీక్ వంటి పేర్లతో ఇతర భారతీయ గ్లైడర్లు కూడా వచ్చాయి.

విద్యార్థి పైలట్ లైసెన్సుకు కనీస వయస్సు 16 ఏళ్లు. 15 ఏళ్ల అబ్బాయి ఈ ఏడాదిలో భౌతికశాస్త్రం, వాతావరణశాస్త్రం చదువుకోవచ్చు, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరవచ్చు, మోడల్ గ్లైడర్లు ఎగరేయవచ్చు. ప్రయాణానికి టికెట్ కొనేముందు మాత్రం పుణె కేంద్రం ప్రస్తుతం శిక్షణ ఇస్తున్నదో లేదో నేరుగా విచారించండి.

యుద్ధంలో గ్లైడర్లను వాడారంటారు. వాటిని ఎలా లేపారు?

ఏరోటోతోనే. 1944 మార్చి 5 రాత్రి, అస్సాంలోని లాలాఘాట్ మైదానం నుంచి చిండిట్ దళాలను (శత్రువు వెనుక భాగంలో పోరాడే బ్రిటిష్ సేనలను) బర్మా అడవుల్లోకి చేర్చడానికి వాకో గ్లైడర్లు బయలుదేరాయి. ఒక్కో సీ-47 రవాణా విమానం వెనుక రెండేసి గ్లైడర్లను కట్టారు. అధిక భారంతో, చీకట్లో, కొండల మీదుగా సాగిన ఆ ప్రయాణంలో కొన్ని తాళ్లు తెగి గ్లైడర్లు దారిలోనే దిగిపోయాయి. ఒక తాడు మీద మోపగల భారానికి హద్దు ఉంటుందన్న పాఠాన్ని ఎంతో మంది ప్రాణాలు మూల్యంగా చెల్లించి నేర్చుకున్న సందర్భమది.

నేల మీద ఉన్న గ్లైడర్‌ను ఎగురుతున్న విమానమే అందుకుపోయే పద్ధతి కూడా అదే కాలంలో వాడుకలోకి వచ్చింది. రెండు గుంజల మధ్య తాడును ఉచ్చులా కట్టి నిలిపితే, తక్కువ ఎత్తున వచ్చిన విమానం కొక్కెంతో దాన్ని పట్టుకుంటుంది. సాగే నైలాన్ తాడు, బ్రేకు ఉన్న డ్రమ్ కలిసి కుదుపును మింగేస్తాయి. బర్మాలో గాయపడినవారిని తరలించడానికి ఈ పద్ధతి ఉపయోగపడింది.

సొంత ఇంజిన్ ఉన్నదాన్ని గ్లైడర్ అనవచ్చా?

అనవచ్చు. కొన్ని గ్లైడర్లలో ఇంజిన్ వీపు నుంచి పైకి లేచి, పని అయ్యాక లోపలికి ముడుచుకుంటుంది. కొన్నింటిలో ముక్కు దగ్గర మడతపడే ప్రొపెల్లర్, బ్యాటరీ మోటారు ఉంటాయి. ఇవి ఇతరుల సాయం లేకుండా లేస్తాయి. తాడు తెగే భయం లేకపోయినా ఇంజిన్ ఆగిపోయే అవకాశం ఉంది కనుక, ఎక్కడ దిగాలన్న ఆలోచన ఇక్కడా మొదటి నుంచీ ఉండాలి.

అత్యంత ఎత్తుకు జరిగిన ఏరోటో ఏది?

పెర్లాన్ 2 గ్లైడర్‌ది ప్రస్తావించదగినది. అర్జెంటీనాలోని ఎల్ కలాఫతే నుంచి దాన్ని ఎగ్రెట్ అనే, చాలా ఎత్తున ఎగరగల విమానం 40,000 అడుగుల పైకి లాగింది. అక్కడి నుంచి ఆండీస్ పర్వతాల గాలి తరంగాల మీద స్వారీ చేస్తూ అది 2018 సెప్టెంబర్ 2న 76,124 అడుగులకు చేరింది.

కళాశాల విద్యార్థులు మోడల్ గ్లైడర్లతో ఈ సూత్రాలను పరీక్షించవచ్చా?

తప్పకుండా. రబ్బరు గొట్టానికి పొడవైన దారం కట్టి, ఒక చివర నేలలో మేకుకు బిగించి, రెండో చివర ఉంగరాన్ని మోడల్ హుక్‌కు తగిలిస్తే చిన్న వించ్ లాంచ్ తయారవుతుంది. హుక్‌ను గురుత్వకేంద్రానికి మరీ వెనుకగా పెడితే మోడల్ పక్కకు దూసుకుపోతుంది, మరీ ముందుకు పెడితే సరిగా ఎక్కదు. ఒకే మధ్యాహ్నంలో ఈ తేడాను కళ్లారా చూడవచ్చు. ఒకటిన్నర మీటర్ల రెక్కల మోడల్‌ను రెక్క కొస పట్టుకుని గిర్రున తిరిగి విసిరే పోటీ తరగతి కూడా ఉంది. కోత అయిన పొలం, యజమాని అనుమతి, సమీపంలో కరెంటు తీగలు లేకపోవడం, విమానాశ్రయానికి దూరంగా ఉండడం తప్పనిసరి.

లాంచ్ చూడటానికి వెళితే ఎక్కడ నిలబడాలి, ఏం చేయకూడదు?

లాంచ్ పాయింట్ బాధ్యుడు చూపిన చోట, గ్లైడర్ రెక్కల వరుసకు వెనుకగా నిలబడండి. నేల మీద కదలకుండా పడి ఉన్న కేబుల్‌ను దాటవద్దు, తాకవద్దు; అది ఏ క్షణంలోనైనా బిగుసుకోవచ్చు. పసిపిల్లల చేతులు వదలవద్దు. కేబుల్ దారిలోకి మనిషో పశువో రావడం, ఎయిర్‌బ్రేకులు తెరిచి ఉండడం, గ్లైడర్ పైన మరో విమానం కనిపించడం వంటిది ఏదైనా మీ కంట పడితే, మీరు సందర్శకులే అయినా "ఆపండి" అని గట్టిగా అరవండి. లాంచ్‌ను మొదలుపెట్టే అధికారం కొద్దిమందికే ఉంటుంది, ఆపమనే హక్కు మైదానంలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉంటుంది. ఆ మాట వినగానే రెక్క పట్టుకున్న వ్యక్తి ఆపమన్న సైగ చేస్తాడు, పైలట్ కేబుల్ విడిచేస్తాడు, కారణం ఏమిటన్నది ఆ తరువాతే విచారిస్తారు.